రెండు ఒడ్ల పెళ్ళి

"మీరే కదమ్మా వద్దన్నారు," అన్నాడు గోదాము ఆయన.

గొడుగు సగం ముడిచి అలాగే నిలబడిపోయాను. మా చెల్లి పెళ్ళి భోజనాలకి మాట్లాడుకున్న చోటు అది. ఒకప్పుడు పడవలు దాచేవాళ్ళు, ఇప్పుడు విందులకి అద్దెకిస్తున్నారు. లోపల ఎవరో మనుషులు మాకు సంబంధం లేని పచ్చ తెరలు కడుతున్నారు. పెళ్ళి వచ్చే ఆదివారం.

"నేనెప్పుడు వద్దన్నాను?"

"మీరు కాకపోతే మీ ఇంటివాళ్ళు. ఫోన్ వచ్చింది. ఆడగొంతు. పెళ్ళికూతురి వివరాలు, పెళ్ళికొడుకు వివరాలు, వంటాయన ఎప్పుడు దిగుతాడో అదీ చెప్పింది. రెండో చోటు అక్కర్లేదు, అంతా ఒకే చోట పెట్టుకుంటున్నాం అంది. అంత తెలిసిన మనిషిని ఇంకేం అడుగుతాం? వేరేవాళ్ళకి ఇచ్చేశాను."

ఎలాంటి గొంతు అని అడిగాను. పళ్ళు బిగించుకుని మాట్లాడినట్టుందన్నాడు. కోపమో, పంటి నొప్పో తనకి తెలియదన్నాడు.

నాకు తెలుసు అనుకున్నాను. మా నాన్నకి అక్క ఒకావిడ ఉంది. ఏ సంగతైనా చెవిన పడితే సాయంత్రానికి ఊరంతా వినిపిస్తుంది కాబట్టి మేమంతా రేడియో అత్త అంటాం. ఆ వానాకాలమంతా రేడియో అత్త చెంపకి గుడ్డ కట్టుకుని, నోరు సగమే తెరిచి మాట్లాడుతోంది. పన్ను పీకించుకోమంటే వినదు.

దొంగ దొరికిందనుకుని గోదాములోంచి బయటపడ్డాను. ఆ వానాకాలంలో నేను తప్పుగా అనుకున్నవాటిలో అది మొదటిది.

*

మా ఊరికి నడుమ నది. మీద ఒక వంతెన. ఎవరైనా కబుర్లాడుకుంటూ నడిచి దాటేస్తారు. మా అమ్మానాన్నలకి మాత్రం అది సముద్రం.

నాన్న వడ్రంగి. ఆయన షెడ్డు ఇవతలి ఒడ్డున ఉంది. అమ్మ దర్జీ. ఆవిడ గది అవతలి ఒడ్డున ఉంది. మేం బళ్ళో చదువుతుండగానే అమ్మ కుట్టు మిషను రిక్షాలో వేసుకుని వంతెన దాటింది. ఎందుకని అడిగిన వాళ్ళకల్లా ఒకటే జవాబు చెప్పింది. "పిలిస్తే పలకని మనిషితో ఎన్నాళ్ళుంటాను?" నాన్న ఆ మాటకి కూడా పలకలేదు. ఆ తర్వాత ఆయన నోట అమ్మ ప్రస్తావన వస్తే 'అవతలి ఒడ్డు' అనేవాడు. ఆవిడ ఆయన్ని 'ఆ రంపం' అనేది.

నా పెళ్ళి ఒకే చోట పెట్టాను. అమ్మ వస్తోందని తెలిసి నాన్న ఆగిపోయాడు. నాన్న వస్తున్నాడని తెలిసి అమ్మ ఆగిపోయింది. నా పెళ్ళి ఫొటోలో నా పక్కన మా ఆయన, అమ్మానాన్నల చోట మా బస్సు డిపో వాచ్‌మన్‌లు ఉంటారు. వాళ్ళు పాపం బాగానే నవ్వారు.

అందుకే చెల్లి పెళ్ళికి నేను రెండు చోట్లన్నాను. ప్రమాణాలు, సంతకాలు నాన్న ఒడ్డున వడ్రంగుల సంఘం హాల్లో. భోజనాలు అమ్మ ఒడ్డున గోదాములో. నాన్న మొదటి సగం చూస్తాడు, అమ్మ రెండో సగం చూస్తుంది. మధ్యలో బస్సు. నేను డిపోలో డ్యూటీలు వేసే మనిషిని, మా ఆయన అదే డిపోలో డ్రైవరు. ఇంట్లో కూడా ఆయన నేను వేసిన రూట్లోనే తిరుగుతాడని డిపోలో జోకు. జనాన్ని ఒక చోటి నుంచి ఇంకో చోటికి చేర్చడం నాకు చేతకాకపోతే ఇంకెవరికి చేతనవుతుంది?

ఎదురుపడే పని ఉండదని ఇద్దరికీ మాటిచ్చాను. ఆ మాట మీదే ఇద్దరూ సరేనన్నారు. ఇప్పుడు రెండో చోటు పోయింది. ఒకే చోటంటే ఇద్దరూ రారు. నా ఫొటోలాంటిదే ఇంకొకటి తయారవుతుంది.

*

నేను వెళ్ళేసరికి అమ్మ తన గదిలో చెల్లి పెళ్ళి బట్టలు బొమ్మకి తొడిగి, అంత లావు ఒంటితోనూ మోకాళ్ళ మీద కూర్చుని కింది అంచు మడుస్తోంది. పెదాల మధ్య గుండుసూదులు. చేతి పక్కన నీలం సుద్దబిళ్ళ. సంగతి చెప్పాను. సూదులు తీయకుండానే ఎగిరిపడింది.

గోదాము వాడి బుద్ధిని, వాడి పచ్చ తెరల్ని, నా తెలివితక్కువతనాన్ని వరసగా దులిపింది. ఇది ఖచ్చితంగా మీ రేడియో పనేనంది. తమ్ముడి కూతురి పెళ్ళి మొత్తం తన ఒడ్డుకి లాక్కుందామని చూస్తోందంది. నాకు అనుమానంగా ఉన్నదే ఆవిడ నోట వచ్చేసరికి అది నిజమే అయి తీరాలనిపించింది.

"ఇంకో చోటు చూడు," అంది. "ఈ ఒడ్డునే చూడు. ఆ వంతెన మాత్రం నేను దాటను. ముందే చెప్తున్నా."

"చూస్తానమ్మా."

"ఊరికే చూస్తాననడం కాదు."

ఒక సూది తీసి అంచుకి గుచ్చింది. ఇంకోటి తీసింది. తర్వాత తల ఎత్తకుండా, ఏదో బొత్తాల ధర అడిగినట్టు అడిగింది.

"మీ నాన్న నువ్వు పిలిస్తే పలుకుతాడా?"

ఇదెక్కడి ప్రశ్నో అర్థం కాలేదు. "ఆయన ఎవరు పిలిస్తే పలికాడు గనక? భుజం తట్టాలి," అన్నాను.

"భుజం తట్టాలా," అని తనలో తను అనుకున్నట్టు అని, మళ్ళీ గోదాము వాడి మీద పడింది.

వానలు మొదలైనప్పుడు కూడా ఇలాగే ఒక వింత ప్రశ్న వేసింది. సంఘం హాలు వేదిక మెట్లు ఎంత ఎత్తున్నాయి, పెళ్ళికూతురు ఎక్కేటప్పుడు అంచు కాళ్ళకి అడ్డం పడుతుందేమో అని. నాకేం తెలుసు, నేను మెట్లు ఎక్కుతాను గానీ కొలవనన్నాను. అప్పుడు మొహం చిట్లించింది. ఈ పెళ్ళిలో అందరికీ ఏదో ఒక పిచ్చి పట్టుకుందనుకున్నాను, నాతో కలిపి.

*

అదే ఒడ్డున బడి భోజనాల షెడ్డు దొరికింది. రేకుల కప్పే అయినా విశాలంగా ఉంది. ఆదివారం బడి ఎలాగూ ఉండదు. హెడ్మాస్టరు మర్యాదస్థుడు, చీపుర్లు కూడా తామే ఇస్తామన్నాడు. వంటాయనకి కబురు పెట్టాను. బస్సు రూటు మార్చాను. కాస్త ఊపిరి పీల్చుకున్నాను.

ఒక్కరోజు తిరక్కుండా హెడ్మాస్టరు డిపోకే వచ్చాడు. ఆయన మొహం చూడగానే చేతిలో పెన్ను కింద పెట్టేశాను.

"మీవాళ్ళు వచ్చి వద్దనుకున్నామని చెప్పి వెళ్ళారు. నేను సరేనన్నాను. కానీ మనసు ఒప్పక, మీతో ఒక మాట అందామని వచ్చాను."

ఈసారి ఫోను కాదు, మనిషే వచ్చింది. లావుపాటి పెద్దావిడ. వాన జోరుగా ఉండటంతో గొడుగు కిందకి దించి వరండా మెట్ల మీదే నిలబడి మాట్లాడిందట. మొహం ఆయనకి సరిగ్గా కనపడలేదు. మర్యాదగానే మాట్లాడింది గానీ, మాట్లాడుతున్నంతసేపూ ఆయన మొహం చూడకుండా చొక్కా వైపే చూసిందట.

"నా చొక్కాకి ఏమైందంటారు?" అని అడిగాడాయన. ఏమీ కాలేదు. ఒక భుజం కాస్త జారింది, అంతే. కుట్టు సరిగ్గా లేదు.

ఈలోగా ఆ షెడ్డుని బడి కమిటీవాళ్ళు తమ మీటింగుకి రాసేసుకున్నారు. హెడ్మాస్టరు నొచ్చుకుంటూ వెళ్ళిపోయాడు.

నేను డ్యూటీ బోర్డు ముందు కూర్చున్నాను. బస్సులన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. నా బుర్ర ఒక్కటే రూటు తప్పింది. లావుపాటి పెద్దావిడ అంటే రేడియో అత్తే. అత్తకి మొహం దాచాల్సిన అవసరమేంటి? ఆవిడ చేసిన పని ఏదైనా ముందు ఆవిడే చాటుతుంది కదా. పైగా వంతెన అవతలి బడి హెడ్మాస్టరుతో నేను మాట్లాడినట్టు అత్తకి ఎవరు చెప్పారు? నేను చెప్పింది అమ్మకి, చెల్లికి, వంటాయనకి, మా ఆయనకి. మా ఆయన్ని కూడా ఆ సాయంత్రం నిలదీశాను. ఆయన అన్నం ముందు కూర్చుని, "నేను లావుగా ఉన్నానా?" అని మాత్రం అడిగాడు.

*

మర్నాడు నాన్న షెడ్డుకి వెళ్ళాను. రంపం మిషను అప్పుడే ఆపినట్టున్నారు. గాల్లో రంపపు పొట్టు ఇంకా దిగలేదు. నాన్న నాకు వీపు పెట్టి చిత్రిక పడుతున్నాడు. చెల్లికి ఇవ్వాల్సిన బల్ల అది. పిలిచాను. చెక్క మీది నుంచి పొరలు చుట్టలు చుట్టలుగా లేస్తూనే ఉన్నాయి. వెళ్ళి భుజం తట్టాను.

"ఎప్పుడొచ్చావమ్మా?"

బడి షెడ్డు కూడా పోయిందని చెప్పాను. నా పెదాల వైపు చూస్తూ విన్నాడు. విని, సరేనన్నాడు. సరే ఏమిటి నాన్నా అన్నాను. అవతలి ఒడ్డు ఏమంటోంది అన్నాడు. ఇంకో చోటు చూడమంటోందని చెప్పాను. దానికీ సరేనన్నాడు. చేతిలో చిత్రిక మళ్ళీ కదిలింది. ఈ మనిషితో మాట్లాడ్డం గోడ లేని చోట నిచ్చెన వేసి ఎక్కడమేననిపించింది. పిలిస్తే పలకని మనిషి అని అమ్మ ఊరికే అనలేదు.

అటు పక్క అత్త క్యారియర్ విప్పుతోంది. చెంపకి గుడ్డ అలాగే ఉంది. నేను సూటిగా అడిగేశాను. గోదాముకి ఫోన్ చేసింది నువ్వేనా, బడికి వెళ్ళింది నువ్వేనా అని.

అత్త క్యారియర్ మూత చేత్తోనే పట్టుకుని నా వైపు తిరిగింది.

"ఏమే, నాకింకో పని లేదా? రెండు చోట్లని నువ్వన్నప్పుడు ముందు సరేనన్నది నేను. మీ అమ్మ మొహం చూసే పని తప్పిందని సంతోషించినదాన్ని నేను. అంతా ఇక్కడే పెడితే ఆవిడ వచ్చి నా ఎదురుగా కూర్చుంటుంది. అది నాకు లాభమా, నష్టమా? నీ డిపోలో ఇలాగే లెక్కలు వేస్తావా?"

నిజమే, అత్తకి ఇందులో వచ్చేదేమీ లేదు.

అత్త ఆగలేదు. పంటి నొప్పి ఉన్నవాళ్ళు అంతసేపు మాట్లాడగలరని అప్పటిదాకా నాకు తెలియదు. వీడు ఆవిణ్ణి ఎంత నెత్తిన పెట్టుకున్నాడో మీకు తెలీదే అంది. పెళ్ళయిన కొత్తలో నోరు తెరిస్తే సూదిపిల్ల అనేవాడట. సూదిపిల్ల అలా అంది, సూదిపిల్ల ఇలా కుట్టింది. చెవులు చిల్లులు పడేవట. "ఆ పేరు ఈ ఇంట్లో వినపడి ఎంత కాలమైందో. ఇప్పుడు నా మీద పడి ఏడిస్తే ఏం లాభం?"

నాన్న రెండు బారల దూరంలో ఉన్నాడు. తల కూడా తిప్పలేదు.

బయటికొస్తుంటే పాలిష్ పెట్టే బాబాయి గుడ్డ దులుపుతూ నాతో పాటు గుమ్మం దాకా వచ్చాడు. నాన్నకి ఆర్డర్లు పోతున్నాయమ్మా అన్నాడు. వానలు మొదలైన కొత్తలో ఎవరో ఆవిడ తడుస్తూ ఈ గుమ్మంలోనే నిలబడిందట. మిషను కూడా ఆపి ఉంది. నాన్న వెనక్కి తిరిగి ఉన్నాడు. పిలిచి పిలిచి, కాసేపు అలాగే చూసి, వెళ్ళిపోయిందట. దూరంగా రంగు కలుపుతున్న తను చేతులు తుడుచుకుని వచ్చేసరికి మనిషి లేదు.

"పలికితే ఏం పోయింది చెప్పు? మంచి మంచమే చేయించుకునేదేమో."

ఆ మాట అప్పుడు నా చెవి పక్కనుంచి పోయింది. నేను వేరే దొంగను వెతుకుతున్నాను.

*

మిగిలింది చెల్లి. కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసే పని దానిది. పెళ్ళికొడుకు అదే దుకాణంలో ఫ్రేములు బిగిస్తాడు. నేను వెళ్ళేసరికి ఇద్దరూ ఒకే అద్దాన్ని వెలుతురులో పట్టుకుని చూస్తున్నారు. అతన్ని అడిగితే, ఒక చోటైనా పది చోట్లైనా తనకి ఫరవాలేదనీ, పెళ్ళికూతురు మాత్రం ఒక్కతే ఉంటే చాలనీ అన్నాడు. నవ్వే ఓపిక నాకు లేదు.

చెల్లిని పక్కకి పిలిచి అడిగాను. నువ్వేనా అని.

"నేను కాదక్కా," అంది. అద్దం తుడుస్తూనే ఉంది. "నాకా ధైర్యం ఉంటే మొదట్లోనే చెప్పేదాన్ని."

"ఏం చెప్పేదానివి?"

"నేను సంతకం పెడుతుంటే ఒకళ్ళు, అన్నం తింటుంటే ఒకళ్ళు. నా పెళ్ళికి మీరు షిఫ్టులు వేశారు. నువ్వు అంత కష్టపడుతుంటే కాదనలేకపోయాను."

ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. డ్యూటీలు వేసే మనిషిని కదా.

"ఒకే చోట పెడితే ఇద్దరూ రారే," అన్నాను.

"రాకపోతే రారు. వచ్చే దారైనా ఉంచు." అద్దం ఎత్తి నా మొహం ముందు పట్టుకుని చూసింది. "ఎవరు చెడగొడుతున్నారో గానీ, వాళ్ళకి ఏం కావాలో నాకు అర్థం కావట్లేదు. చెడగొట్టాలంటే ఇవతలి హాలు కూడా వద్దనెయ్యాలి కదా. దాని జోలికి పోలేదు."

అది నాకు తట్టనే లేదు. అవతలి ఒడ్డువే పోతున్నాయి, ఇవతలి హాలు చెక్కు చెదరలేదు. పెళ్ళి ఆపాలని కాదు, ఒక చోటికి తేవాలని ఎవరో చూస్తున్నారు. ఎవరు? అత్త కాదు, చెల్లి కాదు. నాన్నకి ఆడగొంతు లేదు. అమ్మ వంతెన దాటదు. ఇక ఎవరూ మిగల్లేదు. మనుషులు అయిపోయారు గానీ ప్రశ్న అయిపోలేదు.

మూడో చోటు వెతికే వ్యవధి లేదు. వంటాయన కూడా ఇక తన గిన్నెలు ఎటు మోయమంటారో తేల్చమన్నాడు. ఇవతలికే మోయమన్నాను.

*

అమ్మకి చెప్పడం మిగిలింది. అరుస్తుందని సిద్ధపడే వెళ్ళాను. భోజనాలు కూడా సంఘం హాల్లోనే అని చెప్పాను. నీకిచ్చిన మాట పోయింది, క్షమించమన్నాను.

అమ్మ అరవలేదు. దారం కొరికి, ముడి వేసి, పెళ్ళి బట్టలు మడతపెట్టి నా చేతుల్లో పెట్టింది.

"మెట్ల దగ్గర అంచు ఇక అడ్డం రాదు. సరిపోతుంది."

"నువ్వు వస్తావా అమ్మా?"

"చూద్దాం."

ఆవిడ చూద్దాం అంటే కాదని అర్థం. చిన్నప్పుడు ఎన్ని బొమ్మలు ఆ మాటతో పోయాయో నాకు గుర్తే. అయినా ఆదివారం పొద్దున మా ఆయన్ని బస్సుతో ఆవిడ వీధి చివర నిలబెట్టాను. రాకపోతే ఖాళీ బస్సే వస్తుంది, పోయేదేముంది అనుకున్నాను. పోయేదేమిటో నాకు బాగా తెలుసు.

*

ఆదివారం వాన సన్నగా పడుతోంది. సంఘం హాల్లో వరసగా కుర్చీలు. అన్ని కుర్చీలూ వేదిక వైపే చూస్తున్నాయి, రెండు తప్ప. ఆ రెండూ ముందు వరస చివర, కుడివైపు గోడకి దగ్గరగా, కాస్త పక్కకి తిరిగి ఉన్నాయి. గోడ పక్కది చేతుల కుర్చీ. దానికి ఎడమవైపు మామూలు కుర్చీ. నాన్నకి వేదిక ఎదురుగా, నడుమ వేయాలని నా ఉద్దేశం. చేతుల కుర్చీ లాగబోయాను.

హాలు చూసుకునే పెద్దాయన పరుగున వచ్చాడు.

"కదపకండమ్మా. మీ ఇంటి పెద్దావిడే వచ్చి పెట్టించింది. ఎవరు లాగినా మళ్ళీ అక్కడే పెట్టమని కింద గీతలు కూడా గీసింది. ఊడ్చేటప్పుడు కూడా చెరిపెయ్యలేదు నేను."

కుర్చీ కాళ్ళ చుట్టూ నీలం గీతలు. ఒకదాని పక్కన ఒకటి, జంటగా.

"ఏ పెద్దావిడ?"

"అదే, అంతకుముందొకసారి వేదిక మెట్లు కొలుచుకుపోయిందే, ఆవిడ."

అత్త మూలన కూర్చుని చెంప పట్టుకునుంది. మెట్లు నువ్వు కొలిచావా అని అడిగాను. పంటి నొప్పితో చస్తున్న మనిషి మెట్లెందుకు కొలుస్తుందంది. అంతలో మా ఆయన ఫోన్ చేశాడు.

"మీ అమ్మ గదికి తాళం ఉంది. పక్కవాళ్ళని అడిగాను. పొద్దున్నే వెళ్ళిపోయిందట. ఎటో తెలీదు. నన్నేం చెయ్యమంటావు?"

వచ్చెయ్యమన్నాను. ఎవరికీ దొరక్కుండా ముందే ఊరు దాటి ఉంటుందనుకున్నాను. నా పెళ్ళికైతే కనీసం ఇంట్లో కూర్చుంది.

నాన్న వచ్చాడు. ఉతికిన చొక్కా, చెవుల పక్క ఇంకా రంపపు పొట్టు. హాలంతా ఒకసారి చూసి, ఎవరూ చెప్పకుండానే నేరుగా ఆ చేతుల కుర్చీ దగ్గరికి వెళ్ళాడు. కూర్చునే ముందు కింద నేల వైపు చూసి ఒక్క క్షణం ఆగాడు. తర్వాత కూర్చున్నాడు. పక్క కుర్చీ ఖాళీ. నేను వెళ్ళి కూర్చోబోతే, చెయ్యి దాని మీద పెట్టి ఉంచాడు. నాకు ఏమీ అర్థం కాక వెనక్కి వచ్చేశాను.

పెళ్ళికూతురు వేదిక మెట్లు ఎక్కింది. అంచు అడ్డం రాలేదు. పత్రాలు చదివే అధికారి గొంతు సవరించుకున్నాడు. అప్పుడు తలుపు దగ్గర గొడుగు ముడిచిన చప్పుడైంది.

అమ్మ. పాదాలు తడిసి ఉన్నాయి. వంతెన మీద నడిచే వచ్చింది. ఎవరి వంకా చూడకుండా కుర్చీల పక్కనుంచి నడిచింది. నాన్న ఖాళీ కుర్చీ మీది నుంచి చెయ్యి తీశాడు. అమ్మ కూర్చుంది. అత్త చెంప మీది చెయ్యి ఎప్పుడు దించేసిందో నేను చూడలేదు.

చెల్లి ప్రమాణం చదవడం మొదలెట్టింది. దాని గొంతు చిన్నది. అందులో భయం. నాన్న ఎప్పటిలాగే ముందుకి చూస్తూ ఉన్నాడు, మొహంలో ఏమీ లేదు. అమ్మ కాస్త వంగింది. ఆయన ఎడమ చెవి దగ్గర నోరు పెట్టి, చెల్లి అన్న మాట అన్నట్టే, మెల్లగా చెప్పింది. చెల్లి ఇంకో మాట అంది. అమ్మ అదీ చెప్పింది. మాట తర్వాత మాట.

నాన్న మొహం మారింది. కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. తల ఊపాడు. మళ్ళీ ఊపాడు.

నేను గోడకి ఆనుకున్నాను. రంపం మిషను ఆయన కుడి చేతివైపు ఉంటుంది. ఏళ్ళ తరబడి ఆ పక్కే మోత. ఆ చెవి పోయింది. రెండోదీ సగమే మిగిలుంది. ఎవరికీ చెప్పలేదు. చెప్పే మనిషైతే ఇంత దాకా వచ్చేదే కాదు. మా పెదాల వైపు చూసి సరే అనేవాడు. వెనక నుంచి పిలిస్తే పలికేవాడు కాదు. ఆయన పలకని మనిషి కాదు, వినపడని మనిషి. ఇంత పక్కనుండి నేను కనిపెట్టలేదు. వానలో గుమ్మం దగ్గర నిలబడి, మిషను ఆగి ఉండగా పిలిచి పిలిచి చూసిన ఆవిడ కనిపెట్టింది.

మెట్లు. చొక్కా భుజం. పెదాల మధ్య గుండుసూదులు. నా బుర్ర ఇన్నాళ్ళకి రూట్లో పడింది.

సంతకాలయ్యాయి. అక్కడే బల్లలు వేశారు, అక్కడే వడ్డించారు. ఆ ఇద్దరూ ఆ కుర్చీల్లోంచి లేవలేదు, కంచాలు ఒళ్ళో పెట్టుకున్నారు. అమ్మ చూపు తన కంచంలోనే ఉంది. ఆవిడకి కోపం వచ్చినట్టు కనపడుతోంది గానీ, ఎవరి మీదో ఆవిడకే తెలుస్తున్నట్టు లేదు.

చెల్లి వచ్చి నాన్న ఎదుట నేల మీద కూర్చుంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, నవ్వుతోంది.

"ఇప్పుడైనా చెప్పండి," అని గట్టిగానే అడిగింది. "అవతలి చోట్లు రెండూ చెడగొట్టిందెవరు? నేను వాళ్ళకి దణ్ణం పెట్టుకోవాలి."

అందరూ ముందు అత్త వైపు చూశారు. అత్త రెండు చేతులూ ఎత్తి, తన పంటి మీద ఒట్టు, తను కాదంది. అమ్మ కంచంలో ఏదో వెతకడం మొదలెట్టింది.

నాన్నకి ఆ ప్రశ్న వినపడిందో లేదో నాకు తెలియలేదు. ఆయన కంచం పక్కన పెట్టి, వంగి, కుర్చీ కాలి దగ్గర నేల మీద వేలు పెట్టాడు. నీలం రంగు వేలికి అంటింది. ఆ వేలిని చెల్లికి చూపించాడు.

"వడ్రంగి ఒక్క గీతే గీస్తాడమ్మా," అన్నాడు. "కత్తిరించడానికి ఒకటి, కుట్టడానికి ఒకటి, ఇలా రెండు గీసే మనిషి నాకు తెలిసి ఒక్కతే."

అమ్మ చెయ్యి కంచంలో ఆగిపోయింది. నాన్న ఎడమవైపుకి తిరిగాడు.

"మా సూదిపిల్ల," అన్నాడు.